రంపపు చేపల పరిరక్షణ: చట్టానికీ వలకూ మధ్య విస్తరణ సేవల బాధ్యత

సముద్ర మత్స్య సంపదను గూర్చి మన పరిశోధన పత్రికలలో వెలువడే వ్యాసాలు అధికంగా దిగుబడి, ధర, ఎగుమతి అను మూడు అంశాల చుట్టూ తిరుగుతుంటాయి. ఇది సహజమే. తీర ప్రాంతపు లక్షలాది కుటుంబాల జీవనం వీటిపైననే ఆధారపడి ఉన్నది. అయితే దిగుబడి లెక్కలలో కనిపించని చేపలు కూడా కొన్ని ఉన్నవి. అవి లెక్కలలో కనిపించకపోవుటకు కారణం వాటికి విలువ లేకపోవుట కాదు. అవి వలకు చిక్కుటే అరుదైపోవుట, చిక్కినవి కూడా నమోదు కాకపోవుట. అట్టి వాటిలో మొదట చెప్పదగినవి రంపపు చేపలు. వీటిని కాపాడుటకు మన దేశంలో చట్టం ఉన్నది, అంతర్జాతీయ ఒప్పందాలు ఉన్నవి. లేనిదల్లా ఆ చట్టాన్ని సముద్రంలో వల లాగుచున్న మత్స్యకారుని చేతి దాకా తీసుకొనిపోయే వారధి. ఆ వారధి విస్తరణ వ్యవస్థయే కావాలనీ, దానికి మొదటి మెట్టు తెగిన వలకు పరిహారమనీ ఈ వ్యాసకర్త అభిప్రాయం.

రంపపు చేపలు – ఐదు జాతులు

రూపాన్ని బట్టి రంపపు చేపను చాలామంది సొర జాతిగా భావిస్తారు. నిజానికి ఇది టేకు చేపల వర్గానికి చెందినది. సొరలకు మొప్ప చీలికలు పక్క భాగాన ఉంటాయి. రంపపు చేపకు, ఇతర టేకు చేపలకు వలెనే, అవి శరీరపు అడుగు భాగాన ఉంటాయి. ముందుకు పొడుచుకొని వచ్చిన చదునైన ముట్టె, దానికి ఇరువైపులా వరుసగా పళ్ళవంటి నిర్మాణాలు – ఇదే దాని రంపం. ఈ రంపం కేవలం ఆయుధం కాదు. ఎర ప్రాణుల శరీరాల నుండి వెలువడే అతి స్వల్ప విద్యుత్ క్షేత్రాలను గుర్తించే జ్ఞానేంద్రియ రంధ్రాలు దానిపై విస్తారంగా ఉన్నవి. బురద నీటిలో కన్ను పనిచేయనిచోట రంపమే ఎరను కనిపెడుతుంది, రంపమే దానిని కొడుతుంది. రంపాన్ని కోసి విడిచిపెట్టిన చేప బ్రతికినట్లు పైకి కనిపించినా, ఆహార సంపాదన సామర్థ్యాన్ని కోల్పోయినదే.

ప్రపంచంలో ఈ కుటుంబానికి చెందిన జాతులు ఐదు మాత్రమే. మొదటిది ప్రిస్టిస్ ప్రిస్టిస్, అనగా పెద్దపళ్ళ రంపపు చేప; ఆరు మీటర్లకు పైగా పెరుగుతుంది. దీని పిల్లలు నదులలోకి ఎగబ్రాకి, కొన్ని సంవత్సరాలు మంచినీటిలో గడిపి, పిదప సముద్రానికి మరలుతాయి. రెండవది ప్రిస్టిస్ జైజ్రాన్, ఆకుపచ్చ రంపపు చేప. మూడవది అనాక్సిప్రిస్టిస్ కస్పిడేటా, సన్నని రంపం గలది. రంపపు మొదలు భాగాన పళ్ళు లేకపోవుట దీని గుర్తు. నాలుగవది ప్రిస్టిస్ పెక్టినేటా, చిన్నపళ్ళ రంపపు చేప. ఇది అట్లాంటిక్ మహాసముద్రానికి పరిమితం. ఐదవది ప్రిస్టిస్ క్లావాటా, పొట్టి రంపపు చేప. నేడు ప్రధానంగా ఉత్తర ఆస్ట్రేలియాలో మిగిలి ఉన్నది. ఈ ఐదింటిలో మొదటి మూడు భారత సముద్ర జలాలకు చెందినవి. 1875–78 మధ్య వెలువడిన ఫ్రాన్సిస్ డే గారి భారతదేశపు చేపల గ్రంథంలో రంపపు చేపల వర్ణన ఉన్నది. నాడు అవి మన జలాలలో పరిచితమైన చేపలే.

క్షీణతకు కారణాలు

రంపపు చేపల క్షీణతకు మూడు కారణాలు ఒకదానితో ఒకటి పెనవేసుకొని ఉన్నవి. మొదటిది వాటి శరీర నిర్మాణం. రంపం వలను తాకిన క్షణంలోనే పళ్ళు కళ్ళెలలో చిక్కుకుంటాయి. చేప ఎంత పెనుగులాడితే అంత బిగుస్తుంది. కాబట్టి దానిని పట్టుటకు ప్రత్యేకమైన వేట అవసరం లేదు. ఏ చేప కొరకు వేసిన గిల్ నెట్ అయినా, ఏ రొయ్య కొరకు లాగిన ట్రాల్ వల అయినా చాలును. లోతు తక్కువైన తీర జలాలూ, నదీ ముఖద్వారాలూ, మడ అడవుల కాలువలూ దాని నివాసం. మన వలలు అత్యధికంగా పడేది కూడా అక్కడనే.

రెండవది సంతానోత్పత్తి వేగం. కవళ్ళు ఒక్క విడతలో వేలాది గుడ్లు పెడతాయి. పెద్దపళ్ళ రంపపు చేప ఈడుకు వచ్చుటకు ఎనిమిది నుండి పది సంవత్సరాలు పట్టవచ్చును. నికరాగ్వా సరస్సులో జరిగిన పరిశీలనలలో ఒక్కొక్క ఈతకు పిల్లల సంఖ్య 1 నుండి 13 వరకు, సగటున ఏడు మాత్రమేనని తేలినది. ఈ లెక్కను విస్తరణ కార్యకర్త చేపల జీవశాస్త్రంగా గాక పశుపోషణ లెక్కగా చూచిన సులభంగా బోధపడుతుంది. చాలా ఆలస్యంగా చూలు కట్టే పశువుల మందలో నుండి ఏటేటా తల్లి పశువులను అమ్ముతూ పోయిన, ఆ మంద ఎన్నాళ్ళు నిలుస్తుంది?

మూడవది నివాస నష్టం. మడ అడవుల నరికివేత, ముఖద్వారాల పూడిక, కాలుష్యం ఒక వైపు. నదులపై అడ్డుకట్టలు మరొక వైపు. గోదావరిలో పులస ఎదురీత ధవళేశ్వరం ఆనకట్ట వద్ద ఆగిపోతుందన్నది మనకు తెలిసినదే. నదిలో బాల్యాన్ని గడపవలసిన ఏ చేపకైనా ఆనకట్ట అట్టి అడ్డంకియే.

ఈ మూడు కారణాలు కలిసినప్పుడు క్షీణత ఎంత వేగంగా జరుగునో నికరాగ్వా సరస్సు ఉదాహరణ చెప్పగలదు. మధ్య అమెరికాలోని ఆ మంచినీటి సరస్సులో రంపపు చేపలు సమృద్ధిగా ఉండేవి. 1970 ప్రాంతంలో వాణిజ్య వేట ఊపందుకొన్నది. ఆ చేపల జీవనాన్ని అధ్యయనం చేస్తున్న శాస్త్రవేత్త థామస్ థోర్సన్ కళ్ళ ఎదుటనే, ఇంచుమించు ఒక దశాబ్ద కాలంలో, ఆ సంపద కుప్పకూలినది. వేట ఆగినను అది నేటికీ కోలుకొనలేదు. 2021లో వెలువడిన ఒక ప్రపంచ స్థాయి విశ్లేషణ ప్రకారం, ఒకప్పుడు రంపపు చేపలు ఉండిన 90 దేశాలలో 55 దేశాల జలాల నుండి అవి అంతరించినట్లు భావించవలసి ఉన్నది.

చట్టం చేసినది, చేయలేకపోయినది

చట్టపరంగా మన దేశం వెనుకబడి లేదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లోని మొదటి షెడ్యూలులో 2001వ సంవత్సరంలోనే రంపపు చేపలను చేర్చినారు. పులికి, ఏనుగుకు గల రక్షణే వాటికిని ఉన్నది. సైటిస్ ఒప్పందం 2007లో రంపపు చేపల అంతర్జాతీయ వాణిజ్యాన్ని దాదాపు పూర్తిగా నిషేధించినది. అప్పుడు మిగిలిన ఒక్క మినహాయింపు 2013లో తొలగిపోయినది.

కాగా రెండు లోపాలను ఇక్కడ పేర్కొనవలసి ఉన్నది. మొదటిది పేర్లకు సంబంధించినది. 2001 నాటి జాబితాలో ప్రిస్టిస్ మైక్రోడాన్ అను పేరు ఉన్నది. 2013 నాటి వర్గీకరణ పరిశోధన దానిని ప్రిస్టిస్ ప్రిస్టిస్‌లో విలీనం చేసినది. అదే జాబితాలో గిటారు ఆకారపు పెద్ద టేకు చేపను రింకోబాటస్ జిడ్డెన్సిస్ అను పేరుతో చేర్చినారు. నేటి అవగాహన ప్రకారం ఆ జాతి ఎర్ర సముద్రం నుండి దక్షిణాఫ్రికా వరకు గల పశ్చిమ హిందూ మహాసముద్రానికి చెందినది. మన తీరంలో వలకు పడేవి దాని దగ్గరి జాతులు – రింకోబాటస్ లేవిస్, రింకోబాటస్ ఆస్ట్రేలియే. అనగా రక్షణ ఉద్దేశించిన చేప ఒకటి, కాగితంపై పడిన పేరు మరొకటి. వర్గీకరణ శాస్త్రం పాండిత్య ప్రదర్శన కాదనుటకు ఇంతకంటె ఉదాహరణ అక్కరలేదు. 2022 నాటి సవరణ చట్టం షెడ్యూళ్ళను పునర్వ్యవస్థీకరించి, సైటిస్ జాబితాకు చట్టంలో చోటు కల్పించినది. అది మేలైన అడుగు. అయినను రేవులో చేపను చూచి పేరు చెప్పగలవారు లేనిచో ఏ జాబితా అయినా నిష్ప్రయోజనమే.

రెండవ లోపం ఇంకను లోతైనది. చట్టం వేటగానిని దృష్టిలో ఉంచుకొని వ్రాసినది. కాని రంపపు చేపను నేడు ఎవరును వేటాడుట లేదు. అది దొరకుటే అరుదు. అది వలలో పడుతుంది. పడిన తరువాత ఏమి జరుగవలెనో చట్టం చెప్పదు.

మత్స్యకారుని ఎదుట ఉన్న నిర్ణయం

ఒక్కసారి ఆ పడవపై ఉన్నట్లు ఊహించి చూడవలెను. రాత్రి వేసిన వలను తెల్లవారుజామున లాగుచున్నారు. మూడు మీటర్ల రంపపు చేప చిక్కి ఉన్నది, ఇంకను ప్రాణంతో ఉన్నది. రంపం విసురుకు మనిషి కాలు చీలిపోగలదు. దానిని సజీవంగా విడిచిపెట్టవలెనన్న వలను కోయవలెను. ఆ వల అప్పు చేసి కొన్నది. చేపను ఒడ్డుకు తెచ్చిన, చట్టం ప్రకారం మూడేళ్ళకు తక్కువ కాకుండా ఏడేళ్ళ వరకు జైలు శిక్ష పడవచ్చును. మిగిలినది మూడవ మార్గం: చేపను కొట్టి చంపి, రంపాన్ని నరికి వలను విడిపించుకొని, కళేబరాన్ని సముద్రంలో పారవేసి, ఎవరితోనూ చెప్పకుండుట.

ఈ మూడింటిలో మత్స్యకారునికి నష్టం లేనిది మూడవదే. దానిని ఎంచుకొన్న వానిని నేరస్థుడని అనుటకు ముందు, మిగిలిన రెండు మార్గాలను అంత ఖరీదైనవిగా చేసినది ఎవరని మనలను మనం ప్రశ్నించుకొనవలెను. చేప చనిపోవుట ఒక నష్టం. అది ఉన్నదన్న వార్త కూడా దానితోపాటే మునిగిపోవుట రెండవ నష్టం. శాస్త్రవేత్తకు రెండవ నష్టం మొదటిదానికంటె తక్కువది కాదు. ఎక్కడ మిగిలి ఉన్నవో తెలియనిదే ఎక్కడ కాపాడవలెనో తెలియదు.

రెండు అనుభవాలు

ఈ చిక్కుముడి విప్పరానిది కాదని గుజరాత్ తీరం నిరూపించినది. అక్కడ వేరావల్ ప్రాంతంలో తిమింగల సొరను ఒకప్పుడు పెద్ద ఎత్తున వేటాడేవారు. 2001లో దానికి చట్టరక్షణ లభించినది. అంతటితో ఆగక, 2004 నుండి అటవీ శాఖ, స్వచ్ఛంద సంస్థలు, ఒక పరిశ్రమ కలిసి మత్స్యకార గ్రామాలలో ప్రచారం చేపట్టినవి. కథాకారులు మొరారీ బాపు ఆ చేపను పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డతో పోల్చినారు. ఆ పోలిక గ్రామాలలో నాటుకొన్నది. అయితే మాటతోనే పని జరుగలేదు. సొరను విడిపించుటకు వలను కోసినవారికి ప్రభుత్వం పరిహారం చెల్లించుట మొదలిడినది. విడిపించిన దృశ్యాన్ని తామే చిత్రీకరించుటకు మత్స్యకారులకు కెమెరాలు ఇచ్చినారు. ఆ చిత్రమే పరిహారానికి ఆధారం, అదే శాస్త్రవేత్తకు సమాచారం. వందలాది తిమింగల సొరలు ఈ విధంగా సముద్రానికి తిరిగి చేరినవి. మన తీరంలోనూ 2022లో విశాఖపట్నం సమీపంలోని తంతడి వద్ద ఒడ్డుకు చేరిన తిమింగల సొరను అటవీ సిబ్బంది, మత్స్యకారులు కలిసి తిరిగి సముద్రంలోకి పంపినారు. కావున మన మత్స్యకారులకు ఆ మనసు లేదనుట సరికాదు.

రెండవ అనుభవం అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రానిది. అక్కడ 1995లో తీర జలాలలో చిక్కుడు వలల వినియోగాన్ని నిషేధించినారు. 2003లో చిన్నపళ్ళ రంపపు చేపను సమాఖ్య చట్టం క్రింద అంతరించు జాతిగా ప్రకటించినారు. గాలాలతో చేపలు పట్టేవారు తమకు రంపపు చేప కనిపించినచో ఫోన్ చేసి తెలుపునట్లు ఏర్పాటు చేసినారు. ఆ సమాచారం ఆధారంగానే పిల్లలు పెరిగే తావులను గుర్తించి కాపాడగలిగినారు. ఫ్లోరిడా వలె మనం తీరం పొడవునా వలలను నిషేధించలేము. అట్లు కోరుట కూడా న్యాయం కాదు. అక్కడ చేపలు పట్టుట చాలామందికి వినోదం, ఇక్కడ అది అన్నం. మనం గ్రహించవలసినది నిషేధం కాదు. వలలో, గాలంలో చేపను చూచిన మనిషి మాటను శాస్త్రీయ సమాచారంగా స్వీకరించే పద్ధతి.

ఈ పద్ధతి మనకు కొత్తది కూడా కాదు. ప్యాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో సేకరించిన 200 చేపల వర్ణనలను, చిత్రాలను 1803లో ప్రచురించినప్పుడు, చేపలకు స్థానికుల నోట విన్న పేర్లను ఆంగ్ల లిపిలో నమోదు చేసినాడు. టేకు చేపలకు ఆయన వ్రాసిన ‘టెంకీ’, విద్యుత్ టేకు చేపకు వ్రాసిన ‘తెమిరీ’ – మన తిమ్మిరి – నేటికీ ఆ పుటలలో ఉన్నవి. చేపను ముట్టినవాని అనుభవమే ఆ పేరు. రెండు వందల ఏళ్ళ క్రితం రేవులో విన్న మాటకు గ్రంథంలో చోటు దొరికినప్పుడు, నేడు మన నమోదు పుస్తకాలలో దొరకకుండుటకు కారణం లేదు.

అభ్యంతరాలు

పరిహార ప్రతిపాదనకు సాధారణంగా రెండు అభ్యంతరాలు వినవస్తాయి. ప్రభుత్వ ధనం దుర్వినియోగం కావచ్చునన్నది మొదటిది. పాత చిరుగులకు పరిహారం కోరవచ్చును, నిజమే. కాని సజీవంగా విడిచిన చేప చిత్రం, స్థలం, సమయం ఉన్నప్పుడే చెల్లింపు అను నియమం ఉన్నచో ఆ అవకాశం మిక్కిలి తగ్గుతుంది. ఖర్చు విషయానికి వచ్చిన, రంపపు చేప ఎంత అరుదో ఖర్చు అంత స్వల్పం. ఒకవేళ దరఖాస్తులు అనుకొన్నదానికంటె అధికంగా వచ్చినచో అది విచారించవలసిన విషయం కాదు. చేపలు మిగిలి ఉన్నవన్న శుభవార్తను అతి చౌకగా పొందినట్లే. వేట నిషేధ కాలమైన ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులకు మత్స్యకార కుటుంబాలకు భృతి చెల్లించుట మన రాష్ట్రంలో అమలులో ఉన్నది. చేపల మేలు కొరకు మత్స్యకారుడు నష్టపోయినచో సమాజం దానిని పంచుకొనవలెనన్న సూత్రాన్ని మనం ఇదివరకే అంగీకరించినాము. ఇప్పుడు కోరుచున్నది ఆ సూత్రపు చిన్న విస్తరణ మాత్రమే.

రెండవ అభ్యంతరం: దాదాపు అంతరించినదానిపై శ్రమ ఎందుకు, దిగుబడినిచ్చే చేపలపై దృష్టి పెట్టరాదా అనునది. రంపపు చేప ఒంటరిగా అంతరించుట లేదు. దాని వెనుక వరుసలో గిటారు ఆకారపు టేకు చేపలు నిలిచి ఉన్నవి. వాటి రెక్కలకు సొర రెక్కల విపణిలో అత్యధిక ధర పలుకుతుంది. 2019లో సైటిస్ రెండవ అనుబంధంలో వీటిలో పెద్ద జాతులను చేర్చవలసి వచ్చినది. అవే వలలు, అవే జలాలు, అదే నెమ్మదైన సంతానోత్పత్తి. రంపపు చేప కొరకు నేర్చుకొన్న గుర్తింపు, విడుదల, నమోదు పద్ధతులు వీటికిని పనికివస్తాయి. వీటి విషయంలో ఆలస్యం ఇంకను కాలేదు.

విస్తరణ వ్యవస్థ చేపట్టదగిన పనులు

పై చర్చను ఆచరణలో పెట్టుటకు నాలుగు పనులు సూచించుచున్నాను.

1. వృద్ధ మత్స్యకారుల జ్ఞాపకాల నమోదు: మత్స్య కళాశాలల విద్యార్థులు తమ గ్రామీణ అనుభవ కార్యక్రమంలో భాగంగా, అరవై ఏళ్ళు దాటిన మత్స్యకారులను రంపపు చేపను చివరిసారి ఎప్పుడు, ఎక్కడ, ఏ వలలో చూచినారని అడిగి వ్రాసుకొనవలెను. ప్రతి తరం తాను చూచిన సముద్రాన్నే సంపూర్ణమైనదిగా భావిస్తుందని డేనియల్ పౌలీ 1995లో హెచ్చరించినాడు. ఆ తాతలు ఉన్నంతవరకే ఈ సమాచారం ఉంటుంది. శిక్షా భయం లేకుండా వారు మాట్లాడుటకు పేర్లు వెల్లడించమన్న హామీ తప్పనిసరి.

2. విడుదల పద్ధతిపై శిక్షణ: చేపను పడవలోకి ఎత్తరాదు, నీటిలోనే ఉంచవలెను. రంపపు విసురుకు అందని చోట నిలిచి, పొడవైన కర్రకు కట్టిన కత్తితో రంపం పొడవునా వల కళ్ళెలను కోయవలెను. రంపాన్ని ఎట్టి పరిస్థితులలోనూ నరకరాదు. ఈ మూడు వాక్యాలను బొమ్మలతో ఒక్క కాగితంపై ముద్రించి ప్రతి పడవకు అందించవచ్చును. అయితే కాగితంతో సరిపెట్టక, గ్రామ పెద్దల సమక్షంలో పాత వలతోనూ కొయ్య రంపంతోనూ ప్రదర్శన చేసి చూపిన అది నిలుస్తుంది.

3. రేవులలో గుర్తింపు, నమోదు: తీర గ్రామాలలో పనిచేయుచున్న సాగరమిత్రలకు ఐదు రంపపు చేపలను, గిటారు టేకు చేపలను వేరుచేసి గుర్తించు శిక్షణ ఇవ్వవలెను. వారు వ్రాసే రోజువారీ పట్టుబడి వివరాలలో ‘టేకు చేపలు’ అను ఒకే గడికి బదులు జాతుల వారీ గడులు ఉండవలెను. ఒకే గడిలో పడిన జాతులలో ఒకటి మాయమైనను మొత్తం తూకంలో అది కనిపించదు.

4. వల పరిహార నిధి: మత్స్య శాఖ, అటవీ శాఖ సంయుక్తంగా ఒక జిల్లాలో ప్రయోగాత్మకంగా ఆరంభించవచ్చును. కోరింగ మడ అడవులను ఆనుకొని ఉన్న గోదావరి ముఖద్వార ప్రాంతం ఇందుకు అనువైనది. చెల్లింపు ఆలస్యమైనచో పథకం మొదటి ఏడాదిలోనే నమ్మకాన్ని కోల్పోతుంది. కావున మొత్తం కంటె వేగం ముఖ్యం.

ముగింపు

వ్యవసాయ విస్తరణలో మనం ఒక పాఠాన్ని ఏనాడో నేర్చుకొన్నాము. రైతుకు నష్టం కలిగించే సిఫారసు ఎంత శాస్త్రీయమైనదైనా పొలంలో నిలువదు. మత్స్యకారుని విషయంలో ఈ పాఠాన్ని మనం మరచినట్లున్నది. వలను కోసుకొమ్మని చెప్పి, కొత్త వలకు దారి చూపకుండుట సిఫారసు కాదు, శిక్ష. ఆ శిక్షను తప్పించుకొనుటకు సముద్రంలో జరిగే పనిని ఏ చట్టమూ చూడలేదు.

మన తీరంలో రంపపు చేప ఇంకను మిగిలి ఉన్నదా అను ప్రశ్నకు ప్రయోగశాలలో సమాధానం లేదు. ఉన్నచో అది ఏదో ఒక రోజు ఎవరో ఒకరి వలలో పడుతుంది. ఆ ఉదయం ఆ మత్స్యకారుడు కత్తిని వలపై పెట్టునా, రంపంపై పెట్టునా అన్నది, అంతకు ముందే మనం అతని గ్రామానికి వెళ్ళినామా లేదా అనుదానిపై ఆధారపడి ఉన్నది.